ఆఖరి చేనుకు నీళ్లు

ఆ ఆదివారం ఇంట్లో నలుగురున్నారు. వసారాలో నాయనమ్మ పిచ్చమ్మ, మంచం మీద నాన్న త్రికోటేశ్వరరావు, గడప పక్కన ఫోన్ పట్టుకుని భావన, ఆమె భుజం మీదుగా ఫోన్‌లోకి తొంగిచూస్తూ నరసరావుపేట నుంచి వచ్చిన మేనత్త కొడుకు మహేష్. అమ్మ మిరప చేలో ఉంది.

ఫోన్‌లో జపాన్ బొమ్మల సీరియల్, అనిమే, నడుస్తోంది. ఎగిరే హీరోలు, కూలిపోయే మేడలు. వాళ్ల మధ్య ముసుగు వేసుకున్న మనిషి ఒకడు.

కిందటి భాగంలో ఒక పాపను మంటల్లోంచి ఎత్తుకొచ్చాడు. ఈ భాగంలో హీరోల గుట్టు శత్రువులకు అమ్మేశాడు.

"వీడికంటే ఆ రాక్షసుడే నయం. వాడు చెడ్డోడని ముందే తెలుసు," అన్నాడు మహేష్.

"ఎందుకు అమ్మాడో ఇంకా చూపించలేదుగా బావా. ఆగు," అంది భావన.

అంతలో గోపాలకృష్ణయ్య వచ్చాడు. ఊళ్లో పెద్ద రైతు. ఆయన పొలం కాలవ మొదట్లో ఉంటుంది. నాన్న కౌలుకు చేసే చేను కాలవ ఆఖర్లో.

ఆయన వచ్చింది లష్కర్ గురవయ్య సంగతి మాట్లాడటానికి. కాలవ మీద తూములు తెరిచేదీ మూసేదీ లష్కరే. గురవయ్యది విజయపురి సౌత్. ఊరి చివర అద్దెకుంటాడు, ఎవరితోనూ కలవడు. కాలవ మొదట్లోని పై రైతుల దగ్గర డబ్బు తీసుకుని వాళ్లకే నీళ్లు వదులుతాడని అందరూ అనుకుంటారు.

గురవయ్యను తీసేయమని గోపాలకృష్ణయ్య అర్జీ రాయించుకొచ్చాడు. ఆఖరి చేలవాళ్లు సంతకం పెడితేనే ఆఫీసులో పట్టించుకుంటారట. అన్యాయమైపోయేది వాళ్లే కదా అన్నాడు.

నాయనమ్మకు ఇష్టం లేదు.

"మన చేనుకి నీళ్లు వస్తానే ఉన్నయ్ గదరా. ఆయన జోలి మనకెందుకు?"

ఇవాళ వస్తున్నాయి, రేపు వాటినీ అమ్ముకుంటాడని గోపాలకృష్ణయ్య నచ్చజెప్పాడు. నాన్న తటపటాయించాడు. కంటితో చూడని దానికి సంతకం ఎలా పెట్టేదన్నాడు.

భావన పెద్దవాళ్ల మధ్య ఎప్పుడూ నోరు విప్పదు. బళ్లో సమాధానం తెలిసినా చెయ్యెత్తదు. ఆ రోజు మాత్రం లేచి నిలబడింది.

మొన్న నాన్నకు అన్నం తీసుకెళ్తూ కాలవ కట్ట మీద తను చూశానని చెప్పింది. చూడటమే కాదు, చెట్టు చాటు నుంచి ఫోన్‌లో వీడియో తీసింది. గురవయ్య నోట్లు అందుకుని చొక్కా జేబులో పెట్టుకోవడం అందులో స్పష్టంగా ఉంది.

గోపాలకృష్ణయ్య ఫోన్ కళ్లకు దగ్గరగా పెట్టుకున్నాడు.

"ఇచ్చినోడి మొహం కనపడతందా అమ్మా?"

"లేదు పెదనాన్నా. వీపే."

ఆయన ఇంకోసారి చూశాడు.

"అయితే నాకు పంపించు." భావన తల నిమిరాడు. "నీ కూతురికున్న ధైర్యం ఊళ్లో మగాళ్లకు లేదురా కోటేశ్వరరావూ."

నాన్న సంతకం పెట్టాడు.

ఆమెను అంతవరకూ ఎవరూ అలా మెచ్చుకోలేదు. హీరోయినైపోయావని మహేష్ ఆటపట్టిస్తుంటే సిగ్గుపడి తలొంచుకుంది. ఆపిన భాగం మళ్లీ పెట్టుకున్నారు.

పది రోజుల్లో గురవయ్యను పనిలోంచి తీసేశారు. కాంట్రాక్టు మనిషి కాబట్టి ఆయన తరఫున అడిగేవాళ్లు లేరు. ఆ పనిలోకి శ్రీహరి వచ్చాడు. అతను గోపాలకృష్ణయ్యకు మేనల్లుడు.

నాన్న చేనుకు నీళ్లు ఆగిపోయాయి.

మొదట వంతు రాలేదన్నారు. తర్వాత కాలవలో మట్టం తగ్గిందన్నారు. పై చేలల్లో మాత్రం నీళ్లు గట్లు పొర్లుతున్నాయి. నాన్న వెళ్లి అడిగితే ఓపిక పట్టమన్నాడు గోపాలకృష్ణయ్య. కూర్చోమని అనలేదు.

మిరప ఆకు ముడుచుకుపోయింది. పూత రాలింది. పిందె నిలవలేదు. అమ్మ బిందెలతో మోసి రెండు సాళ్లు తడిపింది. మూడో సాలు దగ్గర బిందె పక్కన పెట్టి గట్టు మీద కూలబడింది.

నాన్న చేనికి వెళ్లడం మానేశాడు. పగలంతా గోడవైపు తిరిగి పడుకుంటున్నాడు. అన్నం పెడితే తింటున్నాడు, లేకపోతే లేదు.

ఒక సాయంత్రం మహేష్ ఫోన్ చేశాడు. ఆఖరి భాగం వచ్చిందట. ముసుగువాడు ఎందుకలా చేశాడో అందరికీ తెలిసిపోయిందట. నగరమంతా వాడికోసం వీధుల్లోకి వచ్చి నిలబడిందట.

భావన ఆ భాగం చూడలేదు. చెప్పులేసుకుని ఊరి చివరికి నడిచింది.

ఏమడగాలో దారి పొడుగునా కూడబలుక్కుంది. తప్పయిందని ముందు చెప్పాలి. ఆ తర్వాత, మా చేనుకి నీళ్లు ఎలా వచ్చేవో ఆ కొత్తాయనకు చెప్పమని అడగాలి.

గురవయ్య ఇంటి ముందు మూటలు కట్టి ఉన్నాయి. ఆయన గడపలో కూర్చుని ఆటో కోసం చూస్తున్నాడు. ఆమెను గుర్తుపట్టాడు.

తిడతాడనుకుంది.

"నీళ్లు వస్తన్నయ్యా అమ్మా?" అని అడిగాడు.

భావన తల అడ్డంగా ఊపింది.

ఆయన కాలవ వైపు చూశాడు. లేచి లోపలికి వెళ్లిపోయాడు.

"బాబాయ్, కొత్తాయనకు నువ్వొక్క మాట చెబితే..." అంటూ ఆమె గడప దాకా వెళ్లింది. ముందు చెప్పాలనుకున్న తప్పయిందన్న మాట చెప్పనే లేదు.

గురవయ్య భార్య అడ్డం వచ్చి నిలబడింది. ఆమె గొంతులో కోపం లేదు, బాగా అలిసిపోయిన మనిషిలా ఉంది.

"పై రైతుల డబ్బు తీసుకున్న మాట నిజమేనమ్మా. తీసుకోనంటే ఈ పని ఎప్పుడో వాళ్ల మనిషికి పోయేది. అందుకే తీసుకుని, తెల్లారకముందే వాళ్ల తూములు మూసి మీ చేనుకి వదిలేవాడు," అని తలుపు వేసేసింది.