వెనక ఇస్తారు

"టికెట్, దిదీ," అన్నాడు ముందు తలుపు కండక్టరు మళ్లీ.

శారద చెయ్యి సంచిలోనే ఉండిపోయింది. టికియాపారాలో అక్క కట్టిచ్చిన చేగోడీల పొట్లం తగిలింది, మడిచిపెట్టుకున్న తువ్వాలు తగిలింది, చివరికి సంచి అడుగున బ్లేడుతో కోసిన కంత తగిలింది. పర్సు లేదు. హౌరాలో బస్సెక్కేటప్పటి తోపులాటలో ఎవడో పని కానిచ్చేశాడు.

ఆ మాటే చెప్పొచ్చు. కానీ ఇందాక బ్రిడ్జి దిగగానే ఒక ముసలావిడ కూడా పర్సు పోయిందనే చెప్పింది. రోజూ ఈ బస్సులో ఎవరిదో ఒకరిది పోతూనే ఉంటుందని కండక్టరు వెటకారం చేసి, ఆవిడను దించేశాడు. బస్సంతా నవ్వింది. నవ్వినవాళ్లలో శారదా ఉంది.

"వెనక ఇస్తారు," అంది శారద బెంగాలీలో.

కలకత్తా బస్సుల్లో ఆ మాట మామూలే. ఆడవాళ్లు ముందు తలుపులోంచి ఎక్కి లేడీస్ సీట్లలో కూర్చుంటారు. వెంట వచ్చిన మగవాళ్లు వెనక తలుపు దగ్గర వేళ్లాడతారు. తలుపుకో కండక్టరు. ఇద్దరి టికెట్లూ ఎవరో ఒకరు తీసుకుంటారు. ఇంత జనంలో సంగతి వెనక్కి వెళ్లి తేలేలోగా ఖిదిర్‌పూర్ వచ్చేస్తుందనీ, అక్కడ దిగి మెటియాబ్రుజ్‌లో ఇంటి దాకా నడిచి పోవచ్చనీ అనుకుంది. అనుకుంటూనే పమిటచెంగు భుజం చుట్టూ కప్పుకుంది. ఎదురు సీటావిడ ముఖంలోకి చూడలేకపోయింది.

కండక్టరు కదల్లేదు. అక్కడి నుంచే జనం తలల మీదుగా కేకేశాడు.

"ఆకుపచ్చ చీరావిడ టికెట్ వెనక ఉందట. ఎవరి దగ్గరో చూడు."

కాసేపటికి వెనక కండక్టరు గొంతు వినిపించింది. "ఇక్కడొకాయన తన టికెట్ ముందున్న భార్య తీస్తుందంటున్నాడు."

"ఈవిడేమో మొగుడు తీస్తాడంటోంది."

బస్సు గొల్లుమంది. టికెట్ దగ్గరే ఇలా ఉంటే ఇంటద్దె ఎవరు కడతారని ఒకడు అడిగాడు. పాపం కొత్తగా పెళ్లయినట్టుందని ఇంకొకడు సర్ది చెప్పాడు. శారద చెవుల దాకా వేడెక్కింది. ఈ బస్సులో మెటియాబ్రుజ్ వాళ్లు ఎవరో ఒకరు ఉండే ఉంటారు. సాయంత్రానికి ఈ సంగతి జూట్ మిల్లు దాకా పోతుంది. ఆమె భర్త కామేష్‌కి అక్కడే పని. ఒకరి చేత మాట పడని మనిషి. పెళ్లాం టికెట్ లేకుండా బస్సెక్కిందని నలుగురూ అంటే తల ఎక్కడ పెట్టుకుంటాడు? పైగా ఎవడో తన కేక విని, సందు చూసుకుని, మొగుడినని తయారయ్యాడు.

"అతనెవరో నాకు తెలీదు," అంది గట్టిగా. "నాకేమీ కాడు."

"మరి మీ ఆయన ఏడీ, బౌదీ?" అంటూ వదిన వరస కలిపాడు కండక్టరు.

పక్కన కూర్చున్న అమ్మాయి కొంచెం జరిగి, తన చేతిసంచీని ఒళ్లోకి లాక్కుంది. అంతమంది నవ్వు కంటే ఆ లాక్కోవడమే శారదకు ఎక్కువగా తగిలింది.

కండక్టరు బస్సు రేకు మీద దబదబా చరిచాడు. హేస్టింగ్స్ దగ్గర బస్సు ఆగింది. ముందు తలుపులోంచి ఈమెనూ, వెనక తలుపులోంచి అతన్నీ దించేశారు. ఎవరు తియ్యాలో రోడ్డు మీద తీరిగ్గా తేల్చుకోమని సాగనంపారు. బస్సు మలుపు తిరిగేదాకా కిటికీల్లోంచి తలలు ఇటే చూశాయి.

శారద రోడ్డుకు వీపు పెట్టి, గోడ వైపు తిరిగి నిలబడింది. వెనక అడుగుల చప్పుడు దగ్గరకొచ్చింది. పలకరిస్తే నలుగురిలో కడిగేద్దామని పళ్లు బిగించింది. అడుగులు ఆగాయి.

"మిల్లుకి తాళాలేసీసినారే శారదా," అన్నాడు కామేష్. "నీకు సెప్పనేక, రోజూ పొద్దు గూకేదాకా ఈ బస్సులే ఎక్కి దిగతన్నాను."