భద్రంగా ఉండే చోటు

“పర్సేది?” అన్నాడు జయదేవ్.

విద్య గాభరాగా తడుముకుంది. భుజానికే వేలాడుతోంది.

“ఇక్కడే ఇంత కంగారైతే ఎలా?” అని నవ్వాడు. టొరంటో విమానాశ్రయంలో చెకిన్ వరుస నెమ్మదిగా కదులుతోంది.

పోయిన చలికాలం ఒక మాల్‌లో విద్య పర్సు పారేసుకుంది. బ్యాంకు కార్డులు, హెల్త్ కార్డు అన్నీ పోయాయి. భర్త పల్లెత్తు మాట అనలేదు. సెలవు పెట్టి మరీ ఆఫీసుల చుట్టూ తిరిగి అన్నీ మళ్లీ తెప్పించాడు. అందుకే అతను జాగ్రత్తలు చెబుతుంటే ఆమెకు విసుగు రాదు, సిగ్గేస్తుంది.

“డబ్బంతా ఒక్కచోట పెట్టకు. కొంత పర్సులో, కొంత పెట్టెలో ఉంచు. పాస్‌పోర్ట్ మాత్రం చేతిలోంచి దించకు.”

“అలాగేనండీ.”

“నగలు మీ అమ్మగారి లాకర్లో పెట్టెయ్. నీ ఒరిజినల్ సర్టిఫికెట్లు కూడా పెట్టె అడుగున సర్దాను. ఫార్మసిస్ట్ లైసెన్స్ ఎగ్జామ్‌కి అక్కడే అటెస్ట్ చేయించుకోవచ్చు.”

“మరి పీఆర్ కార్డు?”

జయదేవ్ చెయ్యి చాపాడు. “ఇటివ్వు. ఇండియా వెళ్లేటప్పుడు దాంతో పనిలేదు. వచ్చేటప్పుడు అది లేకపోతే ఫ్లైటే ఎక్కనివ్వరు. మీ తమ్ముడి గృహప్రవేశం సందట్లో ఎక్కడైనా పడేశావంటే? వచ్చే శనివారం నేనొస్తున్నాగా, తెస్తాను. రిటర్న్ ఇద్దరికీ కలిపే బుక్ చేశా.”

కిచెనర్ ఊళ్లో ఫార్మసీ ఉద్యోగం, వచ్చే నెల రాయబోయే పరీక్ష, నాలుగేళ్లుగా కూడగట్టుకున్న బతుకంతా కెనడాలో శాశ్వతంగా ఉండనిచ్చే ఆ చిన్న కార్డు మీదే ఉంది. ఒక్క క్షణం ఆమెకు చెయ్యి రాలేదు. మాల్‌లో ఏడ్చిన ఏడుపు గుర్తొచ్చి ఇచ్చేసింది.

అతను దాన్ని కోటు లోపలి జేబులో పెట్టి జిప్పు లాగాడు. విద్య గుండెల మీంచి బరువు దిగిపోయింది. పార్కింగ్ టైమ్ అయిపోతోందంటూ ఆమె భుజం తట్టి, తలుపు దగ్గర ఆగి చెయ్యి ఊపి వెళ్లిపోయాడు.

కౌంటర్‌లో తెలుగమ్మాయే ఉంది. పేరు అనన్య. పాస్‌పోర్ట్ అందుకుని, రెండు పెద్ద పెట్టెల వంక చూసి నవ్వింది.

“ఇల్లంతా తెచ్చేశారా అక్కా?”

“మా ఆయన సర్దారమ్మా. మహా జాగ్రత్త మనిషి. ఈయన లేకపోతే నేనేమైపోయేదాన్నో!” అంది విద్య. తర్వాత కాస్త మొహమాటపడుతూ, “తిరిగొచ్చేటప్పుడు ఇద్దరం కలిసే వస్తాం. మాకు పక్కపక్క సీట్లు దొరుకుతాయేమో చూస్తావా? ఆయనకి మోకాలి నొప్పి. నడవ పక్క సీటైతే కాలు చాపుకుంటారు” అంది.

“అయ్యో, దానికేం!”

అనన్య కంప్యూటర్‌లో వెతికింది. మళ్లీ వెతికింది. ఆమె ముఖంలో నవ్వు తగ్గింది.

“టికెట్ ఎవరు బుక్ చేశారక్కా?”

“ఆయనే. అన్నీ ఆయనే చూసుకుంటారు.”

అనన్య గొంతు తగ్గించింది.

“అక్కా, మీది వన్‌వే టికెట్.”