వంతెన మీద అడ్డకర్ర

"వెనక్కెళ్లిపో అవ్వా, ఆ గట్టు వేరే రాష్ట్రం, సిచువాన్. చీటీ లేందే వదలను," అంటూ లుబుమ్ వంతెన మీది అడ్డకర్రని గట్టిగా పట్టుకున్నాడు. పశువులకి గాలికుంటు సోకిందని ఆ పొద్దుటే అతన్ని అక్కడ కాపలా పెట్టారు.

యుమ్‌ఛో అవ్వ జపమాల తిప్పడం ఆపలేదు. "మఠం రెండు గట్ల మీదా ఉంటే, ప్రదక్షిణ ఒక్క గట్టునే చేయమంటావా? గాలికుంటు రావడానికి నేనేమన్నా జడలబర్రెనా?"

"ఇంతకీ ఎక్కడికి?"

"మా ఇంటికే. మఠం చుట్టూ తిరిగి."

లుబుమ్‌కి నవ్వొచ్చింది. "మీ ఇల్లు నీ వెనకాలే కనిపిస్తోందిగా! వెనక్కి తిరిగితే పది అడుగులు."

"నేను వెనక్కి తిరిగితే ఆయనా తిరుగుతాడు," అంది అవ్వ. "మా ముసలాయన పోయి ఇవాళ్టికి నలభై తొమ్మిదో రోజు, ఆత్మ ఇక్కడ తిరిగే ఆఖరి రోజు. రోజూ నా వెనకే నడిపిస్తున్నా. ఈ చుట్టు పూర్తయితే తన దారిన తను పోతాడు. మధ్యలో వెనక్కి తిరిగానో, మళ్లీ ఇంటికొచ్చి గురక పెడతాడు. నువ్వొచ్చి వింటావా?"

లుబుమ్ కర్ర కాస్త ఎత్తాడు. అవ్వ వంగి దాటింది. వెనక్కి చూడకుండానే కేకేసింది. "అంతే ఎత్తితే ఎలా నాయనా? ఆయన నాకన్నా మూరెడు పొడుగు."

లుబుమ్ కర్రని నిలువునా పైకెత్తి, ఒక మనిషి దాటేంతసేపు అలాగే పట్టుకున్నాడు.