వాలు సున్నా

ఏలూరు కమ్యూనిటీ కాలేజీలో ఆ రోజు లెక్కల పరీక్ష. నాంచారమ్మ గుమ్మం దగ్గర చెప్పులు విడిచి, చీర కుచ్చిళ్లు పైకి దోపుకుంది. ఆ కాలంలో ఏ కాలేజీలోనైనా లెక్కలు కాళ్లతోనే చేయించేవారు. లెక్చరరు సమీకరణం చదివితే చాలు, గది నేల ఆ ఆకారంలో లేచి నిలబడేది.

నాంచారమ్మ యాభై రెండేళ్ల బస్సు కండక్టరు. చిన్నప్పుడు పదో తరగతి లెక్కలు రెండుసార్లు తప్పి చదువు మానేసింది. ఇదీ తప్పితే మళ్లీ పుస్తకం ముట్టనని ఇంట్లో చెప్పి వచ్చింది.

లెక్చరరు సుభానీ సమీకరణం చదివాడు. నేల నున్నటి గుట్టలా ఉబ్బింది.

"వాలు సున్నా ఎక్కడుందో అక్కడ నిలబడండమ్మా."

నాంచారమ్మ ఎక్కబోయి సర్రున జారింది. పడీపడీ నవ్వింది. మళ్లీ మెల్లగా ఎక్కుతూ, అరికాళ్ల కింద వాలు తగ్గుతున్న వైపే వెళ్లింది. చివరికి గుట్ట నెత్తిన కాళ్లు కుదురుగా ఆగాయి.

"ఇక్కడే సార్! జారట్లేదండి!"

"ఎందుకని?"

"ఎక్కడం అయిపోయింది, దిగడం మొదలవలేదు. మధ్యలో ఇంకేముంటదండీ, సున్నాయేగా!"

"పాసయ్యారు, దిగండి."

ఆమె కేకపెట్టి కిందికి జారి, తిన్నగా వెళ్లి, తమ వంతు కోసం చూస్తున్న మిగతావాళ్ల వరుస చివర నిలబడింది.

"మీది అయిపోయిందిగా?"

"ఇంకోటివ్వండి సార్. ఈసారి కష్టమైనది. అదైతే ఇంకా ఎత్తుగా ఉంటది!"