గోరుముద్దల వీలునామా

అంబులెన్స్ తలుపు మూసుకుందంటే, ఇంట్లోవాళ్ల మాటలు విని రాసుకునే గోడలోని వీలునామాకు తాళం పడిపోతుంది. ఆపరేషన్‌కు వెళ్లేవాళ్లందరికీ అదే రూలు. స్ట్రెచర్ మీదున్న హైమవతికి గోడ ఆఖరిసారి చదివి వినిపించింది.

"ఇల్లు, కింది బేకరీ, రెండూ పైవాటాలో అద్దెకున్నవాళ్ల రెండేళ్ల పాప మిన్నుకు."

కోడలు వకుళ గిరుక్కున గోడవైపు తిరిగింది. కాపురానికొచ్చిన నాటినుంచీ బేకరీ నడుపుతున్నది తనే.

"గోడలోకి ఎవరో దూరారు. మొన్న రంగులు వేయించింది నువ్వే కదా వదినా?" అన్నాడు మరిది దివాకర్.

"గోడను లోబరుచుకునే తెలివే ఉంటే ముందు నిన్ను బయటికి పంపించేదాన్ని."

"మోసమేం లేదు. ఇంటి యజమాని నోటిమాటే రాశాను. రోజూ మధ్యాహ్నం ఇదే అంటారు," అంటూ గోడ హైమవతి గొంతు వినిపించింది.

"ఆ అను తల్లీ. ఈ ముద్ద తింటే ఇల్లు నీకే రాసిస్తా. ఇంకొక్కటి తిన్నావంటే బేకరీ కూడా నీదే."

అంబులెన్స్ తలుపు మూసుకోబోయింది. వకుళ చెయ్యి అడ్డం పెట్టింది.

హైమవతి తన ముఖం మీది ఆక్సిజన్ మాస్కు లాగేసింది. "కొట్టెయ్. ఇల్లు కొడుకులిద్దరికీ. బేకరీ వకుళకి."

"పాతది కొట్టెయ్యాలంటే అబద్ధమాడిన మనిషి పేరు పైకి చెప్పాలి," అంది గోడ.

డ్రైవరు హారన్ కొట్టాడు. అత్తగారు కోడలి చెయ్యి పట్టుకుని, వీధంతా వినబడేలా చెప్పింది.

"పసిపిల్లకు అన్నం పెడుతూ రోజూ అబద్ధాలాడింది హైమవతి. ఆ హైమవతిని నేనే."