ఒక్క కొమ్ము తేడా

"ఈసారి ఆ అమ్మాయి మెసేజీలో తప్పులు దిద్దావంటే మళ్లీ నీ గుమ్మం తొక్కను" అంది అక్క, ఫోన్ నంబరు రాసిన కాగితం బల్ల మీద పెడుతూ.

తమ్ముడు దాన్ని అందుకున్నాడు. కాగితం మీద "పెల్లికూతురు" అని రాసి ఉంది. జేబులోని ఎర్ర పెన్ను వైపు వెళ్తున్న చేతిని బలవంతాన ఆపుకున్నాడు.

అతను పుస్తకాల అచ్చాఫీసులో ప్రూఫ్ రీడర్. పంతొమ్మిదేళ్లుగా ఇతరుల తప్పులే అతనికి అన్నం పెడుతున్నాయి. ఆఫీసులో అందరూ అతన్ని అరసున్న అంటారు. సన్నగా, కాస్త ఒంగి ఉంటాడు. పైగా ఈ కాలంలో ఎవరికీ అక్కర్లేదు.

నలభై దగ్గర పడుతున్నా పెళ్లి కాకపోవడానికి ఈ తప్పులు దిద్దే జబ్బే కారణం. మొదటి సంబంధం అమ్మాయి "మీరు నాకు నచారు" అని పంపితే, "వత్తు ఏదండీ?" అని జవాబిచ్చాడు. ఆ వత్తుతోపాటు ఆ అమ్మాయీ పోయింది. రెండోవాళ్లు పంపిన శుభలేఖ నమూనాలో పదకొండు తప్పులు పట్టి తిప్పి పంపాడు. వాళ్లు అన్నీ దిద్దుకుని, పనిలో పనిగా పెళ్లికొడుకు పేరు కూడా మార్చి అచ్చేయించుకున్నారు.

"నీ సంగతంతా ఈ అమ్మాయికి ఉన్నదున్నట్టు చెప్పాను. అయినా సరేనంది. ఇంతకంటే ఏం కావాలిరా?"

"ఏం చదువుకుందక్కా?"

"ఇదిగో, ఈ ఆరాలే వద్దన్నాను!" అని అక్క విసురుగా వెళ్లిపోయింది.

సాయంత్రం మెసేజ్ వచ్చింది.

"నమస్కారమండీ. మీది చాలా పరుపు గల కుటుంబమని విన్నాను."

అరసున్నకి చెమటలు పట్టాయి. ఫోన్ బోర్లా పెట్టాడు. వీధి చివరిదాకా నడిచొచ్చాడు. మంచినీళ్లు తాగాడు. లాభం లేకపోయింది.

"పరుపు కాదండీ, పరువు" అని పంపేసి, గట్టిగా కళ్లు మూసుకున్నాడు. మూడోదీ మంటగలిసింది.

ఫోన్ టింగుమంది.

"చాలా థ్యాంక్సండీ. ఇకమీదట మీ సలహాలన్నీ పాతేస్తాను."

"పాటిస్తాను" అని దిద్దాడు. దిద్దాక, ఎందుకో నవ్వొచ్చింది.

అలా మొదలైంది. రోజూ ఆమె రాయడం, అతను దిద్దడం. "మీ జవాబు కోసం వేయించి ఉన్నాను" అంటే "వేచి" అన్నాడు. "మీ మాటలు వింటే కడుపు మండిపోతుంది" అంటే "నిండిపోతుంది" అన్నాడు. చెప్పిన తప్పు ఆమె మళ్లీ చేసేది కాదు. కొత్తది చేసేది.

ఏ రోజైనా మెసేజ్ శుభ్రంగా వచ్చిందంటే ఆ రోజు అతనికి అన్నం సహించేది కాదు. దిద్దడానికి ఏమీ లేకపోతే ఇక మాట్లాడటానికి ఏముంటుంది?

పాపం, చదువుకునే వీలు చిక్కి ఉండదు అనుకున్నాడు. పెళ్లయ్యాక పక్కన కూర్చోబెట్టుకుని, విసుక్కోకుండా, అన్నీ తనే నేర్పాలి.

శనివారం ఆమె రాసింది. "రేపు మధ్యాహ్నం మా ఇంటికి రండి. అమ్మ మిమ్మల్ని చూస్తానంటోంది. మొహమాటపడితే కుదరదు. ఒక్క ముద్దు పెట్టనిదే పంపను."

అరసున్న చూపు అక్కడే ఆగిపోయింది. "ముద్ద" అని రాయబోయి ఒక కొమ్ము ఎక్కువ తగిలించింది. అంతే. ఏం రాసిందో పిచ్చిపిల్లకి తెలియను కూడా తెలియదు. వేలు అక్షరాల మీదికి వెళ్లింది. వెనక్కొచ్చింది. మళ్లీ వెళ్లింది. చెవులు వేడెక్కాయి.

పంతొమ్మిదేళ్లలో మొదటిసారి, ఒక తప్పును చూసీ చూడనట్టు వదిలేశాడు. "తప్పకుండా వస్తాను" అని మాత్రం పంపాడు.

ఆదివారం ఇస్త్రీ చొక్కా తొడుక్కున్నాడు. దారిలో బొమ్మల గుణింతాల పుస్తకం కొని, రంగు కాగితంలో చుట్టించాడు. ఆమె మనసు నొచ్చుకోకుండా ఏమని ఇవ్వాలో బస్సులో నాలుగైదు రకాలుగా వల్లెవేసుకున్నాడు.

తలుపు తీసింది ఆమె తల్లి. నవ్వుముఖం.

"రా బాబూ, కూర్చో, అమ్మాయి ఇప్పుడే వచ్చేస్తుంది... పదిహేనేళ్లుగా కాలేజీలో వ్యాకరణం చెబుతోంది కదా, ఒక్క వత్తు జారినా సున్నా వేసేసే రకం, లోపల పరీక్ష పేపర్లు దిద్దుకుంటోంది!"