గంగులు వంతు

"మళ్ళీ మధ్యలో ఆపేశావేం బాబాయ్? మరిచిపోయావా?" వీధి దీపం దగ్గర నుంచి బల్లి పుల్లమ్మ అరిచిన అరుపు వీధి చివరి గుంట దాకా వినిపించింది.

"మరిచిపోలేదే తల్లీ. ఇక్కడ గంగులు అందుకోవాలి," అన్నాడు కప్ప బోండయ్య.

గంగులెక్కడున్నాడు? ఆ గుంటలో ఒకప్పుడు కప్పల భజన సమాజం ఉండేదండీ. అబ్బో, వీధంతా మోగిపోయేది! ఒకరు ఎత్తుకుంటే ఇంకొకరు అందుకోవాలి, పాట పూర్తయ్యాకే అందరూ కలిసి భోంచెయ్యాలి. అదీ వాళ్ళ కట్టుబాటు. గుంట ఎండేసరికి గంగులుతో సహా అందరూ తలో దిక్కుకూ పోయారు. బోండయ్య మాత్రం తన వంతు పాడి, గంగులు వంతు రాగానే నోరు మూసుకుని ఎదురుచూస్తాడు. పాట పూర్తి కాదు, ఆ పూటా పస్తే.

"డొక్కలు కనబడుతున్నాయి బాబాయ్! అది కూడా నువ్వే పాడేసి తినొచ్చుగా?"

"నేనే పాడేస్తే, రేపు వాడొచ్చి ఏం పాడతాడే?"

పుల్లమ్మ దీపం చుట్టూ ఒకసారి చూసుకుంది. ఆ దీపం కింద తనతో మాట్లాడేవాళ్ళు మాత్రం ఎవరున్నారు గనక!

మర్నాడు సాయంత్రం బోండయ్య పాడి, ఆగాడు. దీపం పక్క గోడ మీంచి "టిక్ టిక్" అని ఎవరో అందుకున్నారు. శ్రుతీ లేదు, తాళమూ లేదు.

"వాడొచ్చేదాకానేలే," అంది పుల్లమ్మ.

బోండయ్య కళ్ళు మూసుకుని చివరి చరణం పాడేశాడు. గెంతుకుంటూ దీపం కిందికి వచ్చాడు. అక్కడ పురుగులు బోలెడు. మధ్యలో గంగులుకి కాస్త చోటు వదిలి, ఇద్దరూ భోజనానికి కూర్చున్నారు.